సంరక్షణ గృహంలో మందు ఇవ్వడం: ఐదు సూత్రాలు చెప్పని సంగతులు

ఉదయం ఎనిమిదింటికి మందుల ట్రాలీ తోసుకుంటూ హాల్లోకి వెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ దగ్గర ఆగి చార్టులో ఉన్న పేరు పిలిచాను. ఆవిడ తలెత్తి "ఆఁ" అంది, నవ్వి చెయ్యి చాచింది. నా చేతిలో చిన్న కప్పు, అందులో నాలుగు మాత్రలు. వాటిలో ఒకటి గ్లిబెన్‌క్లమైడ్, షుగర్ మాత్ర. కప్పు అందించబోతూ చార్టు మీద ఫొటో చూశాను. ముఖం కలిసినట్టే ఉంది, కలవనట్టూ ఉంది. పక్కనే ఉన్న సహాయకురాలిని అడిగితే, "అయ్యో, రోజూ ఆ కుర్చీలో కూర్చునే ఆవిడ ఇంకా గదిలోనే ఉంది సిస్టర్, ఈవిడ వేరే" అంది. ఈవిడకి షుగర్ లేదు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉంది. ఎవరు ఏ పేరుతో ప్రేమగా పిలిచినా పలుకుతుంది.

షుగర్ లేని మనిషికి ఆ మాత్ర పడితే రక్తంలో చక్కెర గంటల తరబడి పడిపోతూనే ఉంటుంది. మూత్రపిండాలు నీరసించిన వయసులో ఇంకా ఎక్కువసేపు. ఆ రోజు ఏమీ జరగలేదు. కానీ ఆ కప్పుకీ ఆవిడ చేతికీ మధ్య ఉన్న జానెడు దూరం నాకు ఇప్పటికీ గుర్తే.

నర్సింగ్ చదివిన వాళ్లందరికీ మొదట నేర్పేది ఐదు సూత్రాలు: సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో (నోటి ద్వారానో, సూది ద్వారానో), సరైన సమయానికి. వీటిలో తప్పేమీ లేదు. చిక్కు ఏమిటంటే ఇవి చేరాల్సిన చోటు చెబుతాయి గానీ అక్కడికి ఎలా చేరాలో చెప్పవు. "సరైన మనిషికి ఇవ్వు" అంటే సరే. తన పేరు తనకే గుర్తులేని మనిషిని, చేతికి పేరు రాసిన పట్టీ లేని చోట ఎలా గుర్తుపట్టాలి? పొరపాటు జరిగాక "ఐదు సూత్రాలు పాటించలేదు" అని నర్సు మీద రాసేయడం సులువు. ఆ పొరపాటుకి దారి తీసిన పది కారణాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి, మర్నాడు ఇంకో నర్సు కోసం.

ఒక లెక్క చూడండి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంగ్లండ్‌లోని 55 కేర్ హోమ్‌లలో (సంరక్షణ గృహాల్లో) ఉన్న 256 మంది పెద్దవాళ్ల మందులను పరిశీలించారు. సగటున ఒక్కొక్కరు 8 రకాల మందులు వాడుతున్నారు. పదిమందిలో దాదాపు ఏడుగురి విషయంలో ఏదో ఒక పొరపాటు కనబడింది: రాయడంలోనో, మందుల షాపు నుంచి పంపడంలోనో, ఇవ్వడంలోనో, రక్తపరీక్షలు చూసుకోవడంలోనో. అన్నీ ప్రమాదకరమైనవి కావు, కానీ సంఖ్య చిన్నది కాదు. ఇప్పుడు ఒక నర్సుకి 30 మంది ఉన్నారనుకుందాం. ఉదయం రౌండులో మనిషికి 5 మందుల చొప్పున 150. రెండు గంటల్లో ముగించాలంటే ఒక్కో మందుకి 48 సెకన్లు. ఆ 48 సెకన్లలోనే డబ్బా వెతకాలి, చార్టుతో సరిచూడాలి, మాత్ర తీయాలి, మనిషి దగ్గరికి నడవాలి, కూర్చోబెట్టాలి, నీళ్లు తాగించాలి, మింగారో లేదో చూడాలి, సంతకం పెట్టాలి. మధ్యలో ఫోన్ మోగకూడదు, ఎవరూ పడిపోకూడదు.

వయసు పైబడిన ఒంట్లో మందు

ముప్పై ఏళ్ల మనిషికి సరిపోయే మోతాదు ఎనభై ఐదేళ్ల మనిషికి ఎందుకు ఎక్కువవుతుంది? వయసుతో పాటు మూత్రపిండాలు మందును బయటికి తోసే వేగం తగ్గుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండల్లో పుట్టి మూత్రపిండాలు బయటికి పంపే వ్యర్థం) మామూలుగానే కనబడవచ్చు. కండ తగ్గిపోయిన ఒంట్లో ఆ అంకె నిజాన్ని దాస్తుంది. నీటి శాతం తగ్గి కొవ్వు శాతం పెరగడంతో డయాజెపామ్ లాంటి మందులు కొవ్వులో చేరి రోజుల తరబడి మత్తును మిగులుస్తాయి. రాత్రి ఇచ్చిన నిద్రమాత్ర మర్నాడు మధ్యాహ్నం బాత్రూమ్ గుమ్మం దగ్గర మనిషిని పడేస్తుంది.

పెద్దవాళ్లకి వీలైనంత వరకు వద్దనుకోవాల్సిన మందుల పట్టికల్లో బాగా పేరున్నది బీర్స్ జాబితా. మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన సహచరులు 1991లో దాన్ని మొదట తయారుచేసింది నర్సింగ్ హోమ్‌లలో ఉండేవాళ్ల కోసమే. ఇప్పుడు అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని సవరిస్తూ వస్తోంది, 2023లోనూ సవరించింది. మందు రాసేది డాక్టరే అయినా ఈ జాబితా నర్సుకి కూడా తెలిసి ఉండాలి. నెలకోసారి వచ్చే డాక్టర్‌కి కనబడనిది రోజూ చూసే నర్సుకి కనబడుతుంది.

బీపీకి అమ్లోడిపిన్ మొదలుపెట్టారు. కొన్ని వారాలకి పాదాలు వాచాయి. వాపు చూసి మూత్రం ఎక్కువ పోయే మందు రాశారు. దాంతో రాత్రి మూడుసార్లు లేవాల్సి వచ్చింది, పొటాషియం తగ్గింది, దానికి ఇంకో మందు వచ్చింది. మొదటి మాత్ర వల్ల వచ్చిన వాపును కొత్త జబ్బు అనుకోవడంతో చార్టులో మూడు వరుసలు పెరిగాయి. "ఈ వాపు ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఏ మందు కొత్తగా చేర్చాం?" అని చార్టు వెనక్కి తిప్పి చూసేది చాలాసార్లు నర్సే.

పన్నెండింటికి అంటే ఎప్పుడు?

చార్టులో సమయం గళ్లుగా ఉంటుంది: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. అన్ని మందులూ ఆ గళ్లకి లొంగవు. పార్కిన్‌సన్ (కదలికలు బిగుసుకుపోయే నరాల జబ్బు) ఉన్న మనిషికి దాని మందు లెవోడోపా అరగంట ఆలస్యమైతే చెయ్యి బిగుసుకుపోతుంది, మాట రాదు, గుటక పడదు. రౌండు ఆ వరస నుంచి మొదలైందా ఈ వరస నుంచా అన్నదాన్ని బట్టి ఆ మనిషి ఆ పూట తన చేత్తో తింటాడో, ఇంకొకరు తినిపించాలో తేలిపోతుంది. అందుకే అలాంటివాళ్ల మందు రౌండుతో సంబంధం లేకుండా గడియారం అలారంతో నడవాలి. ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్ పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో ఇవ్వాలి. వేసుకున్నాక కనీసం అరగంట వెనక్కి వాలకూడదు, లేదంటే అన్నవాహికలో పుండు పడుతుంది. థైరాయిడ్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ ఉదయం గడిలోనే ఉంటే కప్పులో పక్కపక్కనే పడతాయి, థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటపట్టదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇన్సులిన్. భోజనానికి ముందు ఇచ్చే త్వరగా పనిచేసే ఇన్సులిన్ పది, పదిహేను నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. వేసిన తర్వాత ఆ పెద్దాయన రెండు ముద్దలు తిని "చాలు" అంటే? అందుకే మంచి నర్సు ముందు చక్కెర చూస్తుంది, తర్వాత పళ్లెం ఎదురుగా వచ్చిందో లేదో చూస్తుంది, ఆ పూట ఆయన ఆకలి ఎలా ఉందో కనుక్కుంటుంది, అప్పుడు సూది తీస్తుంది. చక్కెర 70కి దిగువన పడిపోతే మామూలు మనిషి "చెమటలు పడుతున్నాయి, వణుకొస్తోంది" అని చెబుతాడు. డిమెన్షియా ఉన్నవాళ్లు చెప్పలేరు. ఉన్నట్టుండి కసురుకుంటారు, లేదా తలవాల్చి కునుకు తీస్తారు. "ఈరోజు మూడ్ బాగోలేదు" అని ఊరుకుంటే ఆ మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల చక్కెర ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఇన్సులిన్‌లో మరో ఉచ్చు చేతిరాతలో ఉంటుంది. యూనిట్ అనడానికి బదులు ఇంగ్లీషు అక్షరం యూ ఒక్కటే రాస్తే 10 పక్కన ఆ అక్షరం సున్నాలా కనబడుతుంది, 10 కాస్తా 100 అవుతుంది. చుక్క ముందు సున్నా లేకపోతే 0.5 చూపుకి 5 అవుతుంది. చుక్క తర్వాత అక్కర్లేని సున్నా పెడితే 1.0 కాస్తా 10 అవుతుంది. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇవ్వాలి. పొరపాటున రోజూ ఇస్తే ఎముక మూలుగ దెబ్బతిని మనుషులు చనిపోయారు. చార్టులో వారం పేరు పూర్తిగా రాసి, మిగతా ఆరు రోజుల గళ్లను అడ్డగీతతో కొట్టేస్తే ఆ ప్రమాదం దాదాపు పోతుంది. పెన్ను, రెండు నిమిషాలు చాలు.

నలగ్గొట్టే ముందు

కేర్ హోమ్‌లో తరచుగా వినబడే చప్పుడు మాత్ర నలగ్గొట్టే చప్పుడు. గుటక సరిగా పడని వాళ్లు చాలామంది, నర్సుకి టైం తక్కువ. పొడి చేసి ఏదో ఒక మెత్తటి పదార్థంలో కలిపి పెట్టేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. కానీ మాత్ర పైపూతకి, లోపలి కట్టుబడికి కారణం ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా విడుదల కావడానికి చేసిన మార్ఫిన్ మాత్రను నలగ్గొడితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, ఊపిరి ఆగిపోవచ్చు. కడుపులో యాసిడ్ తగలకుండా పూత వేసిన మాత్రను పొడి చేస్తే మందు కడుపులోనే పాడైపోతుంది, లేదా కడుపును పాడు చేస్తుంది. కొన్ని మందుల పొడి నలగ్గొట్టేవాళ్లకే హాని: మెథోట్రెక్సేట్ అలాంటిదే, ప్రోస్టేట్ మందు ఫినాస్టెరైడ్ పొడిని గర్భిణులు ముట్టుకోకూడదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు గర్భిణి అయితే ఎవరు గమనిస్తారు?

కాబట్టి రోలు చేతిలోకి తీసుకునే ముందు ఫార్మసిస్టును ఒక ప్రశ్న అడగాలి: ఈ మందు ద్రవంగా దొరుకుతుందా, చర్మం మీద అతికించే ప్యాచ్‌గా దొరుకుతుందా, నీళ్లలో కరిగే మాత్ర ఉందా? చాలాసార్లు ఉంటుంది, ఎవరూ అడగరు. ముక్కు ద్వారానో పొట్ట ద్వారానో వేసిన ట్యూబులో ఇచ్చేటప్పుడు మందులన్నీ కలిపి ఒకే సిరంజిలో పోయకూడదు. ఒక్కొక్కటి వేరుగా ఇచ్చి, మధ్యలో నీళ్లు పట్టాలి. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ట్యూబు ఆహారంతో కలిస్తే ఒంటపట్టదు, అందుకే ముందూ వెనుకా ఆహారం ఆపి ఇస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. గుటక సమస్య ఉన్నవాళ్లకి నీళ్లు చిక్కబరిచే పొడి కలిపి ఇస్తాం, పలచటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారకుండా. వీళ్లలో చాలామందికి మలబద్ధకం కూడా ఉంటుంది, దానికి పాలిఇథైలీన్ గ్లైకాల్ పొడి రాస్తారు. పిండి పదార్థంతో చేసిన చిక్కబరిచే పొడిలో ఈ విరేచనాల మందు కలిపితే చిక్కదనం పోయి నీళ్లలా పలచబడుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. విడివిడిగా రెండూ సరైనవే, మోతాదూ సరైనదే, సమయమూ సరైనదే. ఐదు సూత్రాలూ పాటించి కూడా మనిషికి నిమోనియా తెప్పించవచ్చు.

తెలియకుండా అన్నంలో మందు కలిపి పెట్టడం వేరే విషయం. వద్దనే హక్కు మనిషికి ఉంది. తన మంచిచెడ్డలు తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నాడని సరిగా పరీక్షించి, డాక్టర్, ఫార్మసిస్టు, కుటుంబం కలిసి కూర్చుని, ఏ మందు ఎందుకు ఇలా ఇస్తున్నారో రాసిపెట్టిన తర్వాతే ఆ పని చెయ్యాలి. హడావిడిలో ఒక నర్సు సొంతంగా తీసుకునే నిర్ణయం కాదిది. పైగా మనిషి ఎందుకు వద్దంటున్నాడో ముందు కనుక్కోవాలి. మాత్ర చేదుగా ఉండవచ్చు, పెద్దదిగా ఉండవచ్చు, నోట్లో పుండు ఉండవచ్చు.

వీపు మీద పాత ప్యాచ్

నొప్పికి వేసే ఫెంటనిల్ ప్యాచ్ మూడు రోజులకోసారి మారుస్తారు. మూడు రోజులయ్యాక కూడా పాత దానిలో చాలా మందు మిగిలే ఉంటుంది. కొత్తది వేసే ముందు పాతది తీశామా? ఇది ఎవరైనా తీస్తారనిపించే పని. కానీ ప్యాచ్ పారదర్శకంగా ఉండి, భుజం వెనక ముడతల్లో అతుక్కుని, పైన చొక్కా ఉంటే కనబడదు. చార్టులో "కుడి భుజం" అని రాయకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. పాతది ఉండగా కొత్తది పడితే రెట్టింపు మోతాదు. దాని మీద హాట్ వాటర్ బ్యాగ్ పెట్టినా, జ్వరం వచ్చినా మందు ఇంకా త్వరగా ఒంట్లోకి పోతుంది. తీసిన ప్యాచ్‌ను జిగురు వైపు లోపలికి మడవాలి, చెత్తబుట్టలో అలాగే పారేయకూడదు. ఎక్కడ వేశామో ఒంటి బొమ్మ మీద గుర్తు పెట్టుకునే కాగితం చార్టు వెనక ఉంటే చాలు. రోజూ ఒకసారి ప్యాచ్ ఉందా, ఒకటే ఉందా అని చూసి సంతకం పెట్టడం కూడా మందు ఇవ్వడంలో భాగమే.

"అవసరమైతే" అని రాసిన మందు

చార్టు చివర "అవసరమైతే ఇవ్వండి" అని కొన్ని మందులు ఉంటాయి. అవసరం ఎవరికి? రాత్రి రెండింటికి ఒక పెద్దావిడ అరుస్తోంది, పక్కవాళ్లు లేస్తున్నారు, డ్యూటీలో ఒక్క నర్సు. మత్తు మందు ఇస్తే అందరూ పడుకుంటారు. ఆ నర్సు కష్టం నాకు తెలుసు, తప్పుపట్టడం లేదు. కానీ అలాంటప్పుడు తరచుగా ఇచ్చేవి యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిలో కొత్త తరం వాటి మీద తీవ్ర హెచ్చరిక పెట్టింది: డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఇవి మరణం ముప్పును సుమారు 1.6 నుంచి 1.7 రెట్లు చేస్తున్నాయని. 2008లో పాత తరం మందులకీ ఆ హెచ్చరిక వర్తింపజేసింది.

ఆవిడ ఎందుకు అరుస్తోంది? నొప్పి కావచ్చు. మూత్రం నిండిపోయి ఉండవచ్చు. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో, డిమెన్షియా బాగా ముదిరిన 352 మంది మీద 2011లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. కొందరికి నొప్పి చికిత్స ఒక పద్ధతి ప్రకారం ఇచ్చారు, చాలామందికి పారాసిటమాల్‌తోనే మొదలు. ఎనిమిది వారాల్లో వాళ్ల అలజడి సగటున 17 శాతం తగ్గింది. మాట రానివాళ్ల నొప్పి కొలవడానికి కొలమానాలున్నాయి: ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగుతున్నారా, ముఖం ఎలా ఉంది, ఒళ్లు బిగపట్టారా, దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటున్నారా. ఐదింటికీ సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. "అవసరమైతే" మందు ఇచ్చాక పని అయిపోలేదు. ఎందుకు ఇచ్చామో, గంట తర్వాత మనిషి ఎలా ఉన్నాడో రాయాలి. ఆ రెండో వాక్యం రాసిన చార్టులు నేను చాలా తక్కువ చూశాను.

నర్సు చుట్టూ ఏముంది

సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిస్తుంటే పక్కన నిలబడి గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. మధ్యలో ఎవరైనా పలకరించి పనికి అడ్డు తగిలిన ప్రతిసారీ మోతాదు, మందు లాంటి వైద్యపరమైన తప్పులు 12.7 శాతం పెరిగాయి. ఆసుపత్రిలోనే అంత ఉంటే, బంధువులు, ఫోన్లు, టీవీ చప్పుడు, "సిస్టర్, ఒక్క నిమిషం" అన్నీ ఒకే హాల్లో కలిసే కేర్ హోమ్‌లో ఎలా ఉంటుందో ఆలోచించండి. రౌండు జరుగుతున్నంతసేపు ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలి. మందులిచ్చే నర్సును బాత్రూమ్ బెల్లుకి పంపకూడదు. ఈ రెండూ యాజమాన్యం చేతిలోని పనులు, నర్సు చేతిలోవి కావు.

టైం చాలక పుట్టే అడ్డదారులు కొన్ని ఉంటాయి. అందరి మాత్రలూ ముందే కప్పుల్లో సర్దేయడం. మింగకముందే సంతకాలు పెట్టేయడం. కప్పు పక్కన పెట్టి "తర్వాత వేసుకోండి" అని వెళ్లిపోవడం. వీటిని బద్ధకం అంటే అన్యాయం. ఒక నర్సుకి మోయలేనంత మందిని అప్పగించినప్పుడు చేతులు వాటంతటవే కనిపెట్టుకునే దారులివి. అయినా ప్రమాదమే: విప్పేసిన మాత్రకి పేరుండదు, ముందే పెట్టిన సంతకం అబద్ధం.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు మరో గండం. ఆసుపత్రిలో ఆపేసిన మాత్ర హోమ్ డబ్బాలో ఇంకా ఉంటుంది. అక్కడ వేరే కంపెనీ పేరుతో మొదలుపెట్టిన మందు, ఇక్కడ పాత పేరుతో ఉన్న మందు నిజానికి ఒకటే అయి ఉంటుంది. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, మందు అసలు పేరుతో ఒక్కో వరుసా సరిచూసి, తేడా ఉన్నచోట డాక్టర్‌కి ఫోన్ చేసేదాకా మొదటి డోసు ఇవ్వకూడదు. ఇవ్వక తప్పని మందు ఏదైనా ఉంటే ముందు దాని గురించే ఫోన్ చెయ్యాలి.

కెనడాలోని ఒంటారియోలో ఒక నర్సు ఇన్సులిన్‌తో ఎనిమిది మంది పెద్దవాళ్ల ప్రాణాలు తీసింది. 2016లో తనే ఒప్పుకునేదాకా అధికారులెవరికీ తెలియలేదు. జస్టిస్ ఐలీన్ గిలీజ్ విచారణ 2019లో 91 సిఫారసులు చేసింది. తను ఒప్పుకోకపోతే ఈ నేరాలు బయటపడేవే కావని, లోపం మొత్తం వ్యవస్థలో ఉందని తేల్చింది. అది నేరం, పొరపాటు కాదు. కానీ ఎంత ఇన్సులిన్ వచ్చింది, ఎంత వాడారు అన్న లెక్క సరిగా లేని చోట నేరమూ కనబడదు, పొరపాటూ కనబడదు.

పొరపాటు జరిగిపోతే

మొదట మనిషిని చూడాలి, కాగితాన్ని తర్వాత. స్పృహ, ఊపిరి, నాడి, బీపీ, అవసరమైతే చక్కెర. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి ఏ మందు, ఎంత, ఎన్నింటికి అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎంతసేపటికోసారి చూడాలో ఆ మందు ఎంతకాలం ఒంట్లో ఉంటుందన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటిది అయితే ఒక్కసారి చక్కెర బాగుందని వదిలేయకూడదు, రాత్రంతా చూడాలి. ఆ మనిషికీ కుటుంబానికీ దాచకుండా చెప్పాలి. తర్వాత నివేదిక అదే రోజు రాయాలి. జరగబోయి ఆగిన వాటికీ రాయాలి, శిక్ష పడుతుందన్న భయం లేని చోటే అవి కాగితం మీదికి వస్తాయి.

ఆ కిటికీ పక్క కుర్చీ ఆవిడ విషయం నేను రాశాను, రెండు రోజులు తటపటాయించాక. మేనేజర్ కోప్పడలేదు. చార్టులన్నీ తెప్పించి ఫొటోల వెనక తేదీలు చూసింది. నన్ను ఆపిన ఆ ఫొటో నాలుగేళ్ల కిందటిది. అందులో ఆ షుగర్ ఉన్నావిడ జుట్టు నల్లగా ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఆ వారమే అందరికీ కొత్త ఫొటోలు తీశారు. ఆరు నెలలకోసారి మళ్లీ తీయాలని చార్టు మొదటి పేజీలో ఒక గడి చేర్చారు.